బాణసంచా బొమ్మలు చెప్పే పాఠం

పందొమ్మిదో శతాబ్దంలో లండన్‌లో అచ్చయిన చిత్రపత్రికలను తిరగేసేవారికి ఒక రకం బొమ్మ పదే పదే ఎదురవుతుంది. పేజీలో ముప్పాతిక భాగం నల్లని రాత్రి. ఆ నలుపులో తెల్లని గీతలతో విచ్చుకున్న తారాజువ్వలు, గిరగిర తిరిగే చక్రాలు, నిప్పుల జలపాతాలు. కింద ఒక కోటో, రాజభవనమో, నది ఒడ్డో. అన్నిటికన్నా అడుగున జనం. వారి ముఖాలు మనకు కనిపించవు. వీపులు, తలపాగాలు, టోపీలు, పైకెత్తిన చేతులు మాత్రమే కనిపిస్తాయి.

రాజుగారి పట్టాభిషేకం, యుద్ధంలో గెలుపు, సంధి, యువరాజు పర్యటన, రాణిగారి జూబిలీ - సందర్భం ఏదైనా బొమ్మ తీరు మాత్రం ఇదే. ఈ బొమ్మలతో కర్నూలు, కడప జిల్లాల వారికి ఏం పని అని పాఠకులు అడగవచ్చు. పని ఉంది. ఆ వెలుగుల వెనుక ఉన్న విద్యలో మన దక్కన్‌కు వాటా ఉంది. ఆ వేడుకల ఖర్చులోనూ మన దేశానికి వాటా ఉంది. పైగా ఆ బొమ్మల్లో కొన్ని అచ్చయిన రోజుల్లోనే మన సీమ చరిత్రలో అతి పెద్ద కరువు వచ్చిపడింది. ఈ మూడు సంగతులు తెలుసుకుంటే మనం ఈనాడు పెళ్లిళ్లలో, షబే బరాత్‌లో కాల్చే బాణసంచాను కూడా కొత్తగా చూడగలుగుతాం.

మాటల్లో మిగిలిన చరిత్ర

ముందుగా మాటల సంగతి చూద్దాం. ఉర్దూలో బాణసంచాను 'ఆతిష్‌బాజీ' అంటారు. ఆతిష్ అంటే నిప్పు, బాజీ అంటే ఆట. రెండూ ఫారసీ మాటలే. నిప్పుతో ఆట అనేది దాని అసలు అర్థం. తెలుగువారు 'మతాబు' అని పిలిచేది ఫారసీ 'మహ్‌తాబ్'. అంటే వెన్నెల. తెల్లని వెలుగు చిమ్ముతుంది కనుక ఆ పేరు వచ్చింది. పాత తరంవారు 'అవ్వాయి చువ్వలు' అనేవారు. అందులోని అవ్వాయి మన 'హవాయీ'. గాలిలోకి ఎగిరేది అని అర్థం. చిచ్చుబుడ్డిని ఉర్దూలో 'అనార్' అంటాం, దానిమ్మకాయ ఆకారంలో ఉంటుంది కనుక. భూచక్రం 'చర్ఖీ', కాకరపువ్వొత్తి 'ఫుల్‌ఝడీ'. హిందువుల ఇంట్లో మతాబు, ముస్లిముల ఇంట్లో మహ్‌తాబీ - వెలుగు ఒకటే, మాటా ఒకటే.

మందుకు ఉర్దూలో పేరు 'బారూద్'. ఇందులో మూడు పదార్థాలున్నాయి. సుమారు 75 పాళ్లు సూరేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం. సూరేకారానికే పెట్లుప్పు అని మరో పేరు. ఉర్దూలో 'షోరా' అంటారు. పశువుల కొట్టాల మట్టి, పాత ఊళ్ల దిబ్బల మట్టి తెచ్చి నీళ్లలో కరిగించి, ఆ నీటిని కాచి ఈ ఉప్పు తీసేవారు. అప్పట్లో ప్రపంచానికి కావలసిన సూరేకారంలో పెద్ద భాగం మన దేశం నుంచే, ముఖ్యంగా బీహార్ నుంచే వెళ్లేది. ఈస్టిండియా కంపెనీ ఓడల్లో పట్టుబట్టలు, మిరియాలతో పాటు సూరేకారం మూటలూ ప్రయాణం చేసేవి. ఐరోపా యుద్ధాలకూ, ఐరోపా వేడుకలకూ అదే సరుకు.

మన ఆచారాల్లో ఆతిష్‌బాజీ ఎంతగా కలిసిపోయిందో తెలిపే పాత పుస్తకం ఒకటి మన తెలుగు నేల మీదనే పుట్టింది. ఏలూరుకు చెందిన జాఫర్ షరీఫ్ అనే దక్కనీ ముస్లిం రాసిన 'ఖానూనే ఇస్లాం'ను మద్రాసు సైన్యంలో వైద్యుడైన హెర్‌క్లాట్స్ ఆంగ్లంలోకి అనువదించగా, 1832లో లండన్‌లో అచ్చయింది. దక్షిణాది ముస్లిముల పుట్టుక నుంచి చావు వరకు, పండుగల నుంచి పెళ్లిళ్ల వరకు అన్ని ఆచారాలూ అందులో నమోదయ్యాయి. షబే బరాత్ ఆతిష్‌బాజీ కూడా అందులో ఉంది. అంటే ఈ అలవాటు నిన్న మొన్న వచ్చింది కాదు.

మైసూరు రాకెట్టు - లండన్ పార్కు

ఇక విద్య సంగతి. కడప నవాబుల రాజ్యాన్ని 1779 ప్రాంతంలో హైదర్ అలీ జయించారు. అప్పటి నుంచి 1792 సంధి వరకు కడప సీమ హైదర్, టిప్పు సుల్తానుల ఏలుబడిలో ఉంది. 1792లో నిజాంకు దక్కింది. 1800లో నిజాం దాన్ని కంపెనీకి ధారాదత్తం చేశారు. అందుకే మన ప్రాంతానికి 'దత్త మండలాలు' అనే పేరు వచ్చింది. రాయలసీమ అనే పేరు 1928లో నంద్యాల సభలో పెట్టుకున్నది.

ఆ మైసూరు సైన్యం దగ్గర ప్రపంచంలో మరెవరి దగ్గరా లేని ఆయుధం ఒకటి ఉండేది. తారాజువ్వకు అట్ట గొట్టం బదులు ఇనుప గొట్టం తొడిగి, పొడవైన వెదురు కర్ర కట్టిన రాకెట్టు అది. ఇనుప గొట్టం వల్ల లోపలి మందు ఎక్కువ ఒత్తిడికి తట్టుకునేది. దానితో రాకెట్టు ఎక్కువ దూరం పోయేది. 1780లో పొల్లిలూరు యుద్ధంలో ఈ రాకెట్ల ధాటికి కంపెనీ సైన్యం మందుగుండు బండ్లు పేలిపోయాయి. శ్రీరంగపట్నంలోని దరియా దౌలత్ భవనం గోడ మీద ఆ యుద్ధ దృశ్యం ఈనాటికీ చూడవచ్చు. 2018లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా నగర గ్రామంలో ఒక పాత బావి తవ్వితే వెయ్యికి పైగా ఇలాంటి రాకెట్లు బయటపడ్డాయి.

1799లో శ్రీరంగపట్నం పడిపోయాక కొన్ని రాకెట్లను ఇంగ్లండ్‌లోని వూలిచ్ ఆయుధాగారానికి తీసుకెళ్లారు. అక్కడ విలియం కాంగ్రీవ్ అనే ఆయన 1804 నుంచి వాటిపై ప్రయోగాలు చేసి, తన పేరుతో కాంగ్రీవ్ రాకెట్టును తయారుచేశాడు. 1807లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ నగరాన్ని ఆ రాకెట్లతో తగలబెట్టారు.

ఆ కాంగ్రీవే వేడుకల నిప్పుకూ పెద్ద కావడం గమనించదగ్గది. 1814 ఆగస్టు 1న లండన్ పార్కుల్లో భారీ ఉత్సవం జరిగింది. నెపోలియన్‌తో యుద్ధం ముగిసిందనీ, హానోవర్ వంశం సింహాసనమెక్కి నూరేళ్లయిందనీ సంబరం. బాణసంచా బాధ్యత కాంగ్రీవ్‌ది. గ్రీన్ పార్కులో ఒక కోట కట్టి, దాని మీద పొగలు, నిప్పులు కురిపించి, పొగ విడిపోగానే కోట స్థానంలో 'సామరస్య మందిరం' ప్రత్యక్షమయ్యేలా చేశాడు. పక్కనే సెయింట్ జేమ్స్ పార్కులో కాలువ వంతెన మీద చైనా పద్ధతిలో ఎత్తైన పగోడా కట్టారు. దాని అంతస్తుల నుంచి బాణసంచా కాలుస్తుండగా పగోడాకే నిప్పంటుకుంది. చూస్తున్న జనం అది కూడా కార్యక్రమంలో భాగమే అనుకున్నారు. ఇద్దరు చనిపోయారు. రాగి రేకులపై చెక్కి, రంగులద్దిన అచ్చుబొమ్మలుగా ఆ రాత్రి దుకాణాల్లో అమ్ముడుపోయింది. మందిరం అందంగా ఉంది, పగోడా అందంగా ఉంది. ఆ బొమ్మలు కొన్నవారికి కాలిపోయిన పనివారు గుర్తుకు వచ్చారో లేదో!

మన మాజీ రాష్ట్రపతి ఎ.పి.జె. అబ్దుల్ కలాం తన ఆత్మకథలో ఒక సంగతి చెప్పారు. యువ శాస్త్రవేత్తగా అమెరికాలోని నాసా వాలప్స్ కేంద్రానికి వెళ్లినప్పుడు, అక్కడి గోడ మీద ఉన్న చిత్రంలో రాకెట్లు ప్రయోగిస్తున్న సైనికులు తెల్లవారు కారని గమనించారు. దగ్గరికి వెళ్లి చూస్తే అది టిప్పు సైన్యం. సొంత దేశం మరచిన సంగతి పరాయి దేశపు గోడ మీద కనిపించిందని ఆయన ఆశ్చర్యపోయారు. బొమ్మను దగ్గరికి వెళ్లి చూసే అలవాటు ఎంత అవసరమో దీని వల్ల తెలుస్తుంది.

కర్నూలులో మందు నిల్వలు

మందు ఎవరి చేతిలో ఉంటే వేడుక, ఎవరి చేతిలో ఉంటే నేరం? ఈ ప్రశ్నకు జవాబు కర్నూలు చరిత్రలో ఉంది. కర్నూలు చివరి నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలోనూ, జెనానా తోటల్లోనూ ఫిరంగులు, మందుగుండు భారీగా దాచారని 1839లో కంపెనీవారు ఆరోపించి సైన్యాన్ని పంపారు. వెతికితే ఆయుధాలు, ఫిరంగులు పోతపోసే కొలుములు బయటపడ్డాయి. 1839 అక్టోబరు 18న కర్నూలు పక్కనే ఉన్న జోహరాపురం దగ్గర పోరు జరిగింది. నవాబును బందీగా తిరుచిరాపల్లికి తరలించారు. మరుసటి సంవత్సరం అక్కడే ఆయన హత్యకు గురయ్యారు. రాజ్యం కంపెనీ పరమైంది. 1858లో కర్నూలు జిల్లాగా ఏర్పడింది.

అప్పటి నుంచి మన ప్రాంతంలో పెద్ద ఎత్తున మందు కాల్చే హక్కు ప్రభుత్వానిదే అయింది. 1884లో పేలుడు పదార్థాల చట్టం కూడా వచ్చింది. చట్టం మంచిదే, ప్రాణాలు కాపాడేదే. కానీ చక్రవర్తి పుట్టినరోజున పేలిన తోపును పండుగ అనీ, నవాబు దాచిన తోపును కుట్ర అనీ రాసింది ఒకే కలం అన్న సంగతి చరిత్ర చదివే పిల్లలకు చెప్పవలసి ఉంది.

బొమ్మ ఎలా తయారయ్యేది?

1842 మే 14న హెర్బర్ట్ ఇంగ్రామ్ లండన్‌లో 'ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్' అనే వారపత్రికను ప్రారంభించాడు. బొమ్మలతో వార్తలు చెప్పే పత్రికల్లో ఇదే మొదటిది. 1869 చివర్లో దానికి పోటీగా 'ది గ్రాఫిక్' వచ్చింది. అప్పటికి ఛాయాచిత్రాలు తీయడం తెలుసు గాని, వాటిని పత్రికలో నేరుగా అచ్చువేసే పద్ధతి ఇంకా రాలేదు. అందువల్ల బాక్స్‌వుడ్ అనే గట్టి కర్రతో చేసిన దిమ్మె మీద బొమ్మ గీసి, సన్నని ఉలులతో చెక్కి అచ్చువేసేవారు. ఆ చెట్టు మొదలు సన్నం కనుక చిన్న చిన్న దిమ్మెలను మరలతో బిగించి పెద్ద పలక చేసేవారు. పని తొందరగా సాగాలంటే దిమ్మెలు విడదీసి తలా ఒకటి చెక్కి, మళ్లీ బిగించేవారు.

ఈ పద్ధతిలో చెక్కిన చోట కాగితం తెల్లగా మిగులుతుంది, చెక్కని చోట సిరా నల్లగా పడుతుంది. అంటే ఏమీ చెక్కని దిమ్మె చీకటి రాత్రి. దానిమీద ఉలితో ఒక గీత గీస్తే ఒక నిప్పురవ్వ. బాణసంచా బొమ్మలు ఆ పత్రికల్లో అంతగా రాణించడానికి కారణం ఇదే. అందులోనూ పాతకాలపు బాణసంచాలో రంగులు తక్కువ. బంగారు, తెలుపు ఛాయలే ఎక్కువ. పొటాషియం క్లోరేటు వాడకం పెరిగాక, స్ట్రాన్షియంతో ఎరుపు, బేరియంతో ఆకుపచ్చ, రాగి లవణాలతో నీలం వచ్చాయి. ఆ క్లోరేటును గంధకంతో కలిపితే దానంతట అదే పేలే ప్రమాదం ఉందని గుర్తించి 1894లో బ్రిటన్‌లో ఆ మిశ్రమాన్ని నిషేధించారు. నిషేధం వచ్చేలోగా ఎంత మంది పనివారి చేతులు కాలాయో ఏ బొమ్మా చూపలేదు.

మన మదర్సాల్లో చదివే పాత కితాబులు చాలావరకు లితో, అంటే రాతి అచ్చులో వచ్చినవే. కాతిబ్ చేతిరాత రాతి మీదికి ఎక్కి, అదే మనకు కాగితం మీద కనిపిస్తుంది. కాతిబ్ పొరపాటు చేస్తే అచ్చులోనూ పొరపాటే. చిత్రపత్రిక బొమ్మలు కూడా అంతే. ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ మొదటి సంచికలోనే జర్మనీలోని హాంబర్గ్ నగరం తగలబడుతున్న బొమ్మ ఒకటి వేశారు. అసలు సంగతేమిటంటే, హాంబర్గ్‌కు చిత్రకారుడెవరూ వెళ్లనే లేదు. ఆ నగరపు పాత బొమ్మ ఒకటి తీసుకుని, దానిమీద మంటలు గీసి అచ్చువేశారు. అదే సంచికలో విక్టోరియా రాణి భవనంలో జరిగిన వేషధారణ నృత్యం గురించి కూడా బొమ్మలున్నాయి. ఒక పక్క ఊరు కాలడం, మరో పక్క రాజభవనంలో విలాసం. ఆ పత్రిక మొదటి రోజు నుంచీ ఇదే తీరు.

సుల్తానుకు విందు - ఖర్చు మనకు

లండన్ శివార్లలోని క్రిస్టల్ ప్యాలెస్ తోటలో 1865 నుంచి బ్రాక్ కంపెనీవారి బాణసంచా ప్రదర్శనలు ప్రసిద్ధి కెక్కాయి. 1867 జూలైలో టర్కీ సుల్తాను అబ్దుల్ అజీజ్ లండన్ వచ్చారు. పశ్చిమ ఐరోపాకు అతిథిగా వెళ్లిన మొదటి ఉస్మానీ సుల్తాను ఆయనే. క్రిస్టల్ ప్యాలెస్‌లో ఆయన గౌరవార్థం సంగీత సభ, బాణసంచా జరిగాయి. చిత్రపత్రికలు పండుగ చేసుకున్నాయి.

అదే పర్యటనలో లండన్‌లోని ఇండియా ఆఫీసు భవనంలో సుల్తానుకు ఘనంగా విందు, నృత్యం ఏర్పాటు చేశారు. ఆ విందు ఖర్చు ఎవరు భరించారో తెలుసా? భారతదేశ ఖజానా. మన దేశ రైతు కట్టిన శిస్తు నుంచి ఆ ఖర్చు రాశారు. అంతకు ముందు సంవత్సరం, 1866లో, ఒరిస్సాలో లక్షలాది మంది ఆకలితో చనిపోయారు. మన సీమలోనూ ఆ సంవత్సరం కరువే. నేటి నంద్యాల జిల్లా ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి, అన్నదానం చేసి, వేలమంది ప్రాణాలు నిలబెట్టింది ఆ కరువులోనే. ఒక పక్క ఒక రైతు తన సొంత ధాన్యం పంచిపెట్టాడు. మరో పక్క ప్రభుత్వం ఆ రైతుల శిస్తుతో పరదేశంలో విందు చేసింది.

ఈ అన్యాయాన్ని బ్రిటిష్ పార్లమెంటులో నిలదీసిన వ్యక్తి హెన్రీ ఫాసెట్. రెండు కళ్లూ లేని మనిషి. ఆ బొమ్మల్లోని వెలుగులు ఆయనకు కనిపించవు. ఆ వెలుగుల వెనుక ఉన్న లెక్కల పుస్తకం మాత్రం ఆయనకే కనిపించింది. అందుకే ఆయనను 'భారతదేశ సభ్యుడు' అని పిలిచేవారు.

ధాత నామ సంవత్సరం

1875 నవంబరులో వేల్స్ యువరాజు బొంబాయిలో దిగారు. డిసెంబరు 13న మద్రాసు చేరుకున్నారు. క్రిస్మస్ నాటికి కలకత్తాలో ఉన్నారు. వెళ్లిన ప్రతి పెద్ద నగరంలో దీపాల తోరణాలు, బాణసంచా. ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ తరఫున విలియం సింప్సన్, గ్రాఫిక్ తరఫున సిడ్నీ హాల్ వెంట వచ్చారు. 1869లో సూయజ్ కాలువ తెరవడంతో వారు గీసి పంపిన బొమ్మలు కొన్ని వారాల్లోనే లండన్ చేరేవి. ఈ పర్యటన ఖర్చులో కొంత భాగం కూడా మన ఖజానా మీదనే వేశారు. ఫాసెట్ మళ్లీ అభ్యంతరం చెప్పారు. ప్రయోజనం లేకపోయింది.

యువరాజు 1876 మార్చిలో తిరిగి ఓడెక్కారు. ఆ సంవత్సరం నైరుతి వానలు రాలేదు. ఈశాన్య వానలూ రాలేదు. తెలుగు పంచాంగం ప్రకారం అది ధాత సంవత్సరం. మన పెద్దలు 'ధాత కరువు' అని భయంతో తలచుకునేది దీన్నే. కర్నూలు, కడప, బళ్లారి, అనంతపురం - ఈ నాలుగు జిల్లాల మెట్ట నేలల్లో జొన్న, కొర్ర పండలేదు. బావులు ఎండిపోయాయి. పశువులు ముందు పోయాయి, మనుషులు తర్వాత పోయారు. మద్రాసు నుంచి కడప మీదుగా రాయచూరు దాకా రైలు మార్గం 1871 నాటికే వచ్చింది. ధాన్యం బస్తాలు రైల్లో వచ్చేవి. కానీ కొనడానికి కూలివాని దగ్గర డబ్బు లేదు. ధర మూడింతలయినా ప్రభుత్వం ధరల జోలికి పోరాదన్నది వైస్రాయి లిట్టన్ నిశ్చయం.

అలాంటి సమయంలో, 1877 జనవరి 1న ఢిల్లీలో మహా దర్బారు జరిగింది. విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించారు. పదేళ్ల వయసున్న నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ మొదలుకొని ఎందరో సంస్థానాధీశులు వచ్చారు. 101 తోపుల సలాం పేల్చారు. తుపాకుల మోతకు ఏనుగులు బెదిరి పరుగులు తీశాయి. 68 వేల మందికి వారం రోజుల పాటు విందు సాగిందని చరిత్రకారుడు మైక్ డేవిస్ 2001లో ప్రచురించిన గ్రంథంలో రాశాడు. ఆ దర్బారు జరిగిన రోజుల్లోనే మద్రాసు రాజధానిలోను, మైసూరులోను లక్ష మంది ఆకలితో చనిపోయారని ఒక ఆంగ్ల పత్రికా రచయిత వేసిన అంచనాను కూడా ఆయన ఉటంకించాడు. మద్రాసు గవర్నరు బకింగ్‌హాం సైతం కరువు పనులు వదిలి ఢిల్లీకి వెళ్లవలసి వచ్చింది.

దర్బారు ముగియగానే లిట్టన్ సర్ రిచర్డ్ టెంపుల్‌ను దక్షిణాదికి పంపాడు. ఖర్చు తగ్గించడం ఆయన పని. కరువు పనిలో రాళ్లు కొట్టే మగవానికి రోజుకు ఒక పౌండు, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, పైన చిల్లర - ఇదే కూలి అని నిర్ణయించాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలో పనిచేసే మనిషికి అది చాలదని మద్రాసు వైద్యాధికారులే మొత్తుకున్నారు.

ఫలితం ఏమిటో జనాభా లెక్కలే చెబుతాయి. 1871లో కర్నూలు జిల్లా జనాభా 9 లక్షలకు పైగా ఉండేది. 1881 నాటికి 7 లక్షల లోపుకు పడిపోయింది. ప్రతి నలుగురిలో ఒకరు లేరు. కడప జిల్లా జనాభా 13 లక్షల పైనుంచి 11 లక్షల చిల్లరకు తగ్గింది. అక్కడ ప్రతి ఆరుగురిలో ఒకరు లేరు. కొందరు చనిపోయారు, కొందరు వలస పోయారు. పుట్టవలసిన బిడ్డలు పుట్టలేదు. దేశం మొత్తం మీద ఆ కరువు 50 లక్షలకు పైగా ప్రాణాలు తీసిందని అంచనా.

అదే పత్రికలో మరో బొమ్మ

ఇక్కడ న్యాయంగా మరో మాట చెప్పాలి. యువరాజు బాణసంచాను చూపిన ఆ పత్రికలే 1877లో మన కరువును కూడా చూపాయి. ఎముకల గూడులా మిగిలిన తల్లులు, పెద్ద తలలు, పుల్లల్లాంటి కాళ్ల పిల్లలు. కొన్ని ఛాయాచిత్రాల ఆధారంగా చెక్కిన బొమ్మలవి. మద్రాసు సైన్యంలోని హూపర్ అనే అధికారి తీసిన కరువు ఛాయాచిత్రాలు ఈనాటికీ చూసేవారి గుండెను పిండేస్తాయి. మద్రాస్ టైమ్స్ సంపాదకుడు విలియం డిగ్బీ కరువు గురించి నిర్భయంగా రాశాడు. 1878లో రెండు సంపుటాల గ్రంథం ప్రచురించాడు. 1877 ఆగస్టులో లండన్ మేయరు కరువు నిధి ప్రారంభించగా, అక్కడి సామాన్య ప్రజలు, ఫ్యాక్టరీ కూలీలు సైతం చందాలిచ్చారు. లక్షల పౌండ్లు పోగయ్యాయి. పరదేశంలోని పేదవాడు తన జేబులోంచి తీసి ఇచ్చిన ఆ మేలును మరవకూడదు.

కానీ పోల్చి చూడండి. బాణసంచా బొమ్మల్లో జనానికి ముఖాలు లేవు. కరువు బొమ్మల్లోనే మనవారి ముఖాలు మొదటిసారి దగ్గరగా కనిపించాయి. సీమ కూలివాడు లండన్ పాఠకునికి ఎదురుపడాలంటే ముందు ఆకలితో చావుకు దగ్గర కావలసి వచ్చింది.

కథ అక్కడితో ఆగలేదు. 1897 జూన్ 22న విక్టోరియా రాణి వజ్రోత్సవం జరిగింది. ఆ రాత్రి బ్రిటన్ కొండల మీద వేల నెగళ్లు వెలిగించారు. ఆ సంవత్సరమూ మన కర్నూలు, కడపల్లో కరువే. మళ్లీ గంజి కేంద్రాలు, మళ్లీ రాళ్లు కొట్టే పనులు.

మన ఇంటి ఆతిష్‌బాజీ

తెల్లదొరలను తిట్టుకుని ఊరుకుంటే ఈ చరిత్ర చదివిన ప్రయోజనం సగమే. మన ఇంటివైపు కూడా చూసుకోవాలి.

మొఘల్ చిత్రాల్లో షాజహాన్ కుమారుడు దారా షికోహ్ పెళ్లి బాణసంచా ఉంది. ఆ పెళ్లి 1633లో జరిగింది. అంతకు మూడేళ్ల ముందే, 1630లో, దక్కన్, గుజరాత్ ప్రాంతాలను ఘోరమైన కరువు పీడించింది. కాబట్టి ఆకలి పక్కన నిప్పుల ఆట ఆడటం ఒక్క ఆంగ్లేయుల దుర్గుణమే కాదు. అధికారం, ధనం చేతికి వచ్చిన వారెవరికైనా పట్టే జబ్బు అది.

షబే బరాత్ అంటే విముక్తి రాత్రి. అరబ్బీ 'బరాఅత్' నుంచి వచ్చిన మాట. పెళ్లి ఊరేగింపును చెప్పే 'బారాత్' వేరు. రెంటికీ పలుకుబడి దగ్గర కావడంతో పిల్లలు ఒకటే అనుకుంటారు. రెంటిలోనూ టపాకాయలు పేలతాయి కనుక పెద్దలూ సరిదిద్దరు. ఆ రాత్రి ఇబాదత్ (ఆరాధన) విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. ఆతిష్‌బాజీ విషయంలో మాత్రం లేవు. నాలుగు వందల ఏళ్ల కిందట షేఖ్ అబ్దుల్ హఖ్ ముహద్దిస్ దెహ్లవీ ఆ రాత్రి దీపాలంకరణలను, ఆతిష్‌బాజీని ఖండించారు. దేవబంద్ వర్గానికి చెందిన మౌలానా అష్రఫ్ అలీ థానవీ, బరేలీకి చెందిన మౌలానా అహ్మద్ రజా ఖాన్ అనేక విషయాల్లో ఏకీభవించని వారు. ఇద్దరూ ఈ ఒక్క విషయంలో ఒకే మాట చెప్పారు: ఇది ఇస్రాఫ్ (దుబారా), ఇది తగదు. ఖుర్ఆన్ బంధువుకూ, పేదవానికీ, బాటసారికీ హక్కు ఇవ్వమని చెప్పిన చోటనే దుబారా చేయవద్దని కూడా హెచ్చరించింది. ఈ రెండు ఆజ్ఞలూ పక్కపక్కనే ఉండటంలోని భావం ఆలోచించాలి. మనం తగలబెట్టిన సొమ్ము మనదే అయినా, అందులో పేదవాని హక్కు కూడా కాలిపోతుందన్న మాట.

మన కర్నూలు, కడప ఊళ్లలో ఏం జరుగుతోంది? ఆటో నడిపే తండ్రి, బీడీలు చుట్టే తల్లి కూతురి షాదీకి అప్పు చేస్తారు. ఆ అప్పులో ఒక భాగం పావుగంటలో పొగయి పోతుంది. పెళ్లికొడుకు వైపువారు అడగకపోయినా, "పక్కింటివారు కాల్చారు, మనం కాల్చకపోతే ఏమనుకుంటారు" అనే మాట ఒక్కటే చాలు. మసీదు పక్కనే మదర్సా ఉంటుంది. అందులో అనాథ పిల్లలు ఆ వెలుగులను కిటికీలోంచి చూస్తుంటారు. పాత బొమ్మల్లో అడుగున కనిపించే ముఖాలు లేని జనం వారే అనుకోండి.

పండుగ చేసుకోవద్దని ఎవరూ అనరు. వలీమా విందు సున్నతే, సంతోషం వ్యక్తం చేయడం తప్పు కాదు. కానీ సంతోషానికి, ప్రదర్శనకు మధ్య గీత ఉంది. మన సంతోషంలో పక్కవాడు కూర్చుని అన్నం తింటే అది సంతోషం. వాడు దూరం నుంచి తల పైకెత్తి చూసి, చీకట్లో ఇంటికి పోతే అది ప్రదర్శన.

జమాఅత్ పెద్దలకు ఒక మనవి. ఈసారి మొహల్లాలో నికాహ్ జరిగేటప్పుడు, బాణసంచాకు ఎంత అనుకున్నారో ఆ మొత్తాన్ని అడిగి తీసుకుని, అదే రోజు ఒక పిల్లవాని ఫీజుకో, ఒక ఇంటి మందులకో ఇప్పించండి. ఎవరిదో పేరు చెప్పనక్కరలేదు. ఉపాధ్యాయులకు మరొక మనవి. పిల్లలకు పాత బొమ్మ ఏదైనా చూపినప్పుడు ఆకాశం వైపు కాదు, ముందు అడుగు భాగం చూడమనండి. అక్కడ నిలబడింది ఎవరు, ఆ రోజు వారి ఇంట్లో పొయ్యి వెలిగిందా అని అడగండి. ధాత కరువును చూసిన సీమ పిల్లలకు ఈ ప్రశ్న అడిగే హక్కు ఉంది, బాధ్యత కూడా ఉంది.